భీమిలిలో శని, ఆదివారములు

విశాఖపట్నమునుండి భీమునిపట్నమునకు సుమారు 25 కిలోమీటర్లు. తీరము వెంబడి పోవు బస్సు ఋషికొండ, మంగమారిపేట, ఎర్రమట్టి దిబ్బలు దాటి మనలను భీమిలిలో దింపును. ఆదివారము ఉదయము పదిగంటలకు దిగి, దీపస్తంభమును, డచ్చివారి సమాధులను చూచి, ఇసుకలో కొంతసేపు కూర్చుండి, చీకటి పడకముందే తిరుగు బస్సు ఎక్కువారే ఎక్కువ. మేమును చాల ఏండ్లు అట్లే చేసితిమి. ఊరు చూచితిమనియే అనుకొంటిమి. గత ఏడాదినుండి నెలకొకసారి శనివారము మధ్యాహ్నమే పోయి, జాలరుల ఇండ్లకు దగ్గరగా ఒక పెంకుటింటి గదిలో రాత్రి ఉండుట అలవాటు చేసికొన్న తరువాతగాని, ఆ ఊరికి గంటస్తంభము మీది గడియారముగాక వేరొక గడియారము కలదని మాకు తెలియలేదు. అది గాలియు నీరును నడపు గడియారము.

పగటివేళ నేల త్వరగా వేడెక్కును; సముద్రపు నీరు మెల్లగా వేడెక్కును. నేలమీది వేడిగాలి తేలికపడి పైకి లేచినపుడు, ఆ చోటు నింపుటకు సముద్రము మీది చల్లనిగాలి లోపలికి వచ్చును. మధ్యాహ్నము భీమిలి అరుగులమీద అందరికి కునుకు పట్టించునది ఈ గాలియే. రాత్రివేళ ఇది తారుమారగును. నేల ముందుగా చల్లబడును, నీరు వెచ్చగనే ఉండును. గాలి నేలనుండి నీటివైపు మరలును. దుంగలు కట్టిన తెప్పలపై తెరచాప లెత్తిన కాలములో తెల్లవారుజామున నేలగాలితో వేటకు పోవుట, పగటిగాలితో ఒడ్డు చేరుట జాలరుల లెక్క. ఇప్పుడు తెప్పల స్థానమున ఫైబరు పడవలును, వానికి ఇంజనులును వచ్చినవి. అయినను మా పొరుగింటివారు లేచునది ఆ పాత వేళకే. రాత్రి మూడుగంటలకు తలుపుల చప్పుడైనపుడు మొదటిసారి మేము విసుగుకొంటిమి. రెండవసారి లేచి వారివెంట ఒడ్డుదాక పోతిమి.

పడవలు తిరిగి రాకముందే స్త్రీలు గంపలతో వచ్చి కూర్చుందురు. చేప ఇసుకమీద పడగనే పాట మొదలగును. ఆ పాటలో మాటలకన్న కనుసైగ లెక్కువ. కొత్తవారికి ఎవరు ఎంతకు పాడినారో అంతుపట్టదు. ఇంటికి రెండుపూటల కూర కావలసినవారు అందులో తలదూర్చరాదు. పాట ముగిసిన పిమ్మట, కుప్ప కొనుగోలు చేసిన ఆమెనే అడిగి తీసికొనవలెను. బేరము కొంత చెల్లును గాని, ఆమె అప్పుచేసి పెట్టిన పెట్టుబడి అది అని గుర్తుంచుకొనుట మంచిది. వంజరము, చందువ పట్నపు హోటళ్లకు పోవును. ఊరివారు వండుకొనునవి కవళ్లు, కానాగంతలు, నెత్తళ్లు. చింతపండు పులుసులో ముందుటి రాత్రి వండి, మరునాడు చల్లగా తిన్న కవళ్ల రుచికి మేము వంజరము నిచ్చివేయుదుము.

చేపలు గ్రుడ్లుపెట్టు కాలమని ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు తూర్పుతీరమున మరపడవల వేటను నిషేధింతురు. ఆ 61 దినములలో పెద్దచేపకై పట్టుపట్టు అతిథి తరచుగా మంచుపెట్టెలోని సరుకే తినును. అప్పుడు తాటిముంజెలు తినుట మేలు.

మేము చేసిన తప్పొకటి చెప్పవలెను. మొదటి నెలలో గోస్తని సముద్రమున కలియు మొగకు దగ్గరగా కెరటములు విరుగని చోటు కనబడినది. ఇరువైపుల నురుగు, నడుమ నున్నని నీరు. పిల్లలకు అదియే క్షేమమని తలచి మోకాలిబంటి దిగితిమి. వల బాగుచేయుచున్న వృద్ధుడొకడు కేకవేసెను: “బాబూ, అక్కడ దిగకండి! కెరటం లేనిచోటే లాగేస్తది!” అప్పటికే మా తమ్ముని కుమారుని కాళ్లక్రింది ఇసుక జారిపోవుచున్నది. చేయిపట్టి ఈడ్చుకొని రాగలిగితిమి.

ఒడ్డుకు వచ్చిన కెరటముల నీరంతయు ఎక్కడనో ఒకచోట వెనుకకు పోవలెను గదా! అది లోతైన పాయ చేసికొని పోవును. లోతున్నచోట కెరటము విరుగదు. అందుచేతనే ఆ నీరు నెమ్మదిగా కనబడును. అందులో చిక్కినవాడు ఒడ్డువైపు ఎదురీదిన బలముడిగి మునుగును. ఒడ్డునకు సమాంతరముగా ప్రక్కకు ఈది, ఆ పాయను దాటిన పిమ్మట ఒడ్డుకు రావలెను. మొగవద్ద పాటువేళ నదినీరుకూడ కలిసి పరుగెత్తును. రోజుకు రెండు పోటులు, రెండు పాటులు. దినదినమును సుమారు 50 నిమిషము లాలస్యము. అమావాస్య పూర్ణిమలకు రెండును హెచ్చు. ఇదంతయు ఆ వృద్ధుని నోట గలదు. అడుగుటకు అరనిమిషము పట్టును.

సాయంకాలపు నడకకు చరిత్ర కావలసినంత కలదు. 17వ శతాబ్దమున డచ్చివారిక్కడ వర్తకము సాగించిరి. 1825లో స్థావరము ఆంగ్లేయుల చేతికి పోయెను. 1861లోనే ఊరికి పురపాలక సంఘమేర్పడెను. సమాధుల ఫలకములను అందరును చూతురు గాని, పావురాలకొండ ఎక్కువారు తక్కువ. అచ్చట బౌద్ధభిక్షువులు వాననీటికై రాతిలో తొలిచిన తొట్లున్నవి. ఇంత సముద్రము ఎదుట నుంచుకొని త్రాగునీటికై వారు మబ్బువైపు చూడవలసివచ్చినది.

గత నవంబరులో ఒక శనివారపు రాత్రి పొరుగింటి అరుగుమీద కూర్చుండి వార్తలు వినుచుంటిమి. అల్పపీడనము వాయుగుండముగా మారినదనియు, మత్స్యకారులు వేటకు పోరాదనియు చెప్పిరి. పట్నమున ఆ వాక్యమును ఎన్ని వందలసారులు విని, తరువాతి పాటకై ఎదురుచూచితిమో! ఇచ్చట అది వినగనే సంభాషణ ఆగిపోయెను. 2014 అక్టోబరు 12న విశాఖతీరము దాటిన హుద్‌హుద్‌ను ఆ వీధిలో ఎవరును మరువలేదు. పురుషులందరును లేచి ఒడ్డుకు పోయి పడవలను పైకి లాగసాగిరి. మేమును త్రాటికి చేయివేసితిమి. మాచేత పెద్ద సహాయమైనదని చెప్పలేము.

ఆదివారము పాట జరుగలేదు. వేటలేని దినమున ఆ ఇండ్లకు రాబడి లేదు. అయినను పొరుగింటామె డబ్బాలోని ఎండు నెత్తళ్లు వంకాయతో వండి మాకు గిన్నెడు పంపెను. గిన్నె తిరిగి ఇచ్చుటకు పోయినపుడు ఆమె భర్త అరుగుమీద రేడియో ప్రక్కన పెట్టుకొని, తరువాతి వార్తల వేళకై వేచియుండెను.