కలివికోడికి చోటేది?

ఊరి చివర రేగుపొదలు, కలివిపొదలు, అక్కడక్కడ తుమ్మచెట్లు పెరిగిన నేలను మీరు చూసే ఉంటారు. అది ఏమి నేల అని అడిగితే చాలామంది "బంజరు" అంటారు. పంట లేదు, పెద్ద చెట్లు లేవు. కనుక ఎందుకూ పనికిరాదని మన అభిప్రాయం. అయితే అటువంటి పొదల అడవినే నమ్ముకుని బతికే పక్షి ఒకటుంది. అది మన ఆంధ్రప్రదేశ్‌లో తప్ప నేడు ప్రపంచంలో మరెక్కడా ఉన్నట్లు రుజువు లేదు. దాని పేరు కలివికోడి.

ఎలా ఉంటుంది?

పేరులో కోడి ఉన్నా ఇది కోళ్ళ కుటుంబానికి చెందినది కాదు. పొడవు సుమారు 27 సెంటీమీటర్లు. కంటిపై తెల్లని చార, గొంతు మీద ఇటుకరంగు మచ్చ, రొమ్ము మీద అడ్డంగా రెండు గోధుమరంగు పట్టీలు ఉంటాయి. పగలంతా పొదల నీడలో కదలకుండా ఉండి, రాత్రిపూట నేలమీద పరుగెత్తుతూ చెదలు మొదలైన పురుగులను ఏరుకు తింటుంది.

దొరికింది, పోయింది, దొరికింది

ఆంగ్లేయ వైద్యుడు టి. సి. జెర్డాన్ మూలంగా ఈ పక్షి 1848లో శాస్త్రలోకానికి తెలిసింది. 1900లో అనంతపురం ప్రాంతంలో కనిపించిన తరువాత దాని జాడ లేదు. అది అంతరించిందనే అందరూ అనుకున్నారు. 86 సంవత్సరాలు గడిచాక, 1986 జనవరిలో, బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వారి అన్వేషణలో కడప జిల్లాలో మళ్ళీ దొరికింది! దానికోసమే అక్కడ శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది.

కనిపించని పక్షిని వెతకడం ఎలా?

రాత్రి తిరిగే పక్షి. మనిషి అలికిడైతే దాక్కుంటుంది. మరి ఉన్నదీ లేనిదీ తెలిసేదెలా? శాస్త్రజ్ఞులు చక్కని ఉపాయం చేశారు. పొదల మధ్య సన్నని మట్టిని బారుగా, చదునుగా పరిచారు. రాత్రి దానిమీద నడిచిన పక్షుల అడుగుజాడలను ఉదయం పరీక్షించారు. కలివికోడి కాలికి మూడే వేళ్ళు, మూడూ ముందుకే. జాడల ఆకారాన్ని, కొలతలను ఇతర పక్షులవాటితో పోల్చి గుర్తించారు. పొద్దుగుంకిన తరువాత కొద్దిసేపు మాత్రమే వినిపించే దాని కూత కూడా మరొక ఆధారం.

ప్రమాదం ఎక్కడ?

ఈ పరిశోధనలవల్ల ఒక ముఖ్య విషయం తెలిసింది. కలివికోడికి పొదలు మరీ దట్టంగా ఉండకూడదు, మరీ పలచగానూ ఉండకూడదు. ఎందుకు? పరుగెత్తి పురుగులను పట్టడానికి ఖాళీ నేల కావాలి. దాక్కోవడానికి పొద కావాలి. వంటచెరకు కోసం పొదలు విపరీతంగా నరికితే చాటు పోతుంది. పశువులు మితిమీరి మేసినా అంతే. పొలాలకో తోటలకో నేలను పూర్తిగా చదును చేస్తే రెండూ పోతాయి.

2005లో తెలుగుగంగ కాలువ తవ్వకం ఈ పక్షి తిరిగే చోటికే వచ్చింది. పరిశోధకులు గమనించి తెలియజేయగా పని ఆగింది. తరువాత కాలువ దారి మార్చారు. నీరు మనకు అవసరమే. కాని ముందుగా నేలను పరిశీలిస్తే నీరూ వస్తుంది, పక్షీ మిగులుతుంది. ఈ ఉదాహరణ నేర్పే పాఠం అదే.

కాకి ఒక ఊళ్ళో చెట్టు పోతే మరొక ఊరికి పోతుంది. కలివికోడి ఎక్కడికి పోగలదు? ఉన్న చోటు కొంచెమే. అందుకే ఇటువంటి జీవులు అన్నిటికంటె ముందు అంతరిస్తాయి. వేటాడకపోయినా, ఒక్క రాయి విసరకపోయినా, నివాసం పోతే జాతి పోతుంది. నేడు జీవవైవిధ్యం తగ్గడానికి అన్నిటికంటె పెద్ద కారణాల్లో ఇది ఒకటి.

ఆ తరువాత పదేళ్ళకు పైగా కలివికోడి జాడ రుజువు కాలేదు. 2025 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో ఒక రాత్రి పక్షి పరిశీలకులు దాని కూతను రికార్డు చేయగలిగారు. అంటే ఇంకా సమయం మించిపోలేదు.

మీరు చేయదగిన పని

మీ బడికి దగ్గరలోని పొదల నేలకు మీ ఉపాధ్యాయునితో వెళ్ళండి. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు గల స్థలాన్ని తాడుతో గుర్తించి, అందులో ఎన్ని రకాల మొక్కలు, పురుగులు, పక్షుల జాడలు ఉన్నాయో నోటుపుస్తకంలో రాయండి. అంతే వైశాల్యంలో ఒక పొలంలోనూ లెక్కించి పోల్చండి. ఆ పట్టిక చూసిన తరువాత ఆ నేలను బంజరు అనవచ్చునో లేదో మీరే నిర్ణయించండి.