కుక్కలకు గడ్డిగింజలవలని కీడు



కార్తికము గడచి వానలు వెనుకపట్టిన పిదప పొలము గట్లమీదుగా నడచివచ్చినచో మన చీర కుచ్చెళ్ళనిండ గడ్డిగింజలు గ్రుచ్చుకొనియుండును. వానిని ఒక్కొక్కటిగా ఏరి పారవేయుటకు గడియసేపు పట్టును. మనకు చేతులున్నవి గనుక ఏరుకొందుము. మనవెంట వచ్చిన కుక్కకు ఎవరేరుదురు? మూడేండ్ల క్రిందటివరకు ఈ ప్రశ్న నాకు తోచలేదు. తోచనందువలన మా భైరవుడు నెలన్నర దినములు బాధపడవలసివచ్చెను.

మావారు బడిపంతులగుటచే మా కాపురము బడిప్రక్కనే. బడివెనుక బీడులో గడ్డి మోకాలియెత్తు పెరిగి, మార్గశిరమునకు ఎండి గింజలు రాల్చును. ఒక గింజను అరచేతిలో నుంచుకొని చూడుడు. కొన సూదివలె వాడిగా నుండును. దానిపై వెనుకకు వాలిన నూగు కలదు. వెనుక రెండు మూడంగుళముల పొడవున సన్నని నల్లని తోక. అమరమున కింశారువని చెప్పబడినది ఇట్టి ముల్లే. వరి, యవలు మొదలగువానికి శూకధాన్యములను పేరు వచ్చినదియు దీనినిబట్టియే. ఈ తోక ఎండినప్పుడు మెలిపడును, తడిసినప్పుడు మెలి విడును. అట్లు తిరిగి తిరిగి గింజను మట్టిలోనికి దింపును. వాలిన నూగు దానిని వెనుకకు రానీయదు. విత్తు మొలచుటకు ఇది చక్కని యేర్పాటే. కాని మట్టికిని కుక్కచర్మమునకును భేదము ఆ గింజకు తెలియదు గదా!

భైరవుడు ఒకనాడు ముందుకాలి వ్రేళ్ళసందున మాటిమాటికి నాకుకొనుచుండెను. చూడగా చిన్న వాపు. ముల్లు గ్రుచ్చుకొన్నదనుకొని పసుపు నూరి పట్టువేసితిని. అది పగిలి చీము కారి నాలుగు దినములలో మానెను. నా వైద్యమునకు నేనే మురిసి మావారితో గొప్పగా చెప్పుకొంటిని. పదిదినములకు మరల వాపు, ఈసారి కొంచెము పైగా. మరల పసుపే. మూడవసారి వాడు కాలు నేల మోపలేక, అన్నము ముట్టక మూలపడియుండగా మా అత్తగారు, “నోరులేని జీవమమ్మా, ఎక్కడ నొచ్చుచున్నదో చెప్పలేదు” అని కన్నులు తుడుచుకొనిరి. భారతమున సరమకొడుకు తనను కొట్టిరని తల్లితో చెప్పుకొనగలిగెను. మావాడు చెప్పలేదనుట నిజము కాదు. నాకుకొనుటయే వాని మాట. నాకే తెలియలేదు.

పశువైద్యుడు కోసి చూచి, మడమకు పైభాగమునుండి చీముతోకూడ గడ్డిగింజను తీసెను. వ్రేళ్ళసందున దూరినది అంతదూరము పోయినది! ఇది ఎముకవలె ఎక్స్‌రేలో కానరాదట, వెదకి తీయవలసినదే. లోపల గింజ యుండగా పైపుండు మానుట మానుట కాదని నాకు అప్పుడు తెలిసెను.

కాలికంటె చెవి మరింత అపాయము. కుక్క చెవిత్రోవ మొదట క్రిందికి దిగి పిదప లోపలికి మళ్ళును. అందు పడిన గింజ కర్ణభేరిని గూడ చీల్చవచ్చును. కుక్క ఒక్కసారిగా తల విదిలించుచు, ఒకప్రక్కకు వంచుచున్నచో అదే గుర్తు. అప్పుడు నూనె కాచి పోయుట మన ఇండ్లలో వాడుక. భేరి చిరిగియున్నచో అది కీడే చేయును గనుక పోయకుడు, పుల్లలతో కెలుకకుడు. ఆగక తుమ్ములు, ముక్కునుండి నెత్తురు, కన్ను తెరువకుండుట, వీనిలో ఏది కనబడినను ఆనాడే పశువైద్యునియొద్దకు కొనిపోవలెను. లోనికి పీల్చిన గింజ ఊపిరితిత్తులను చేరి ప్రాణముమీదికి తెచ్చుటయు కలదు.

జూలుకుక్కలకును వ్రేలాడు చెవులవానికిని ఈ బాధ హెచ్చు. మన నాటుకుక్కలకు లేదనుకొనరాదు. వ్రేళ్ళసందున వెండ్రుకలు కత్తిరించుట మేలు. పెరటిగడ్డిని గింజపట్టకముందే కోయించుడు. మేము బడిబీడు సంగతి పెద్దలకు రెండుమారులు విన్నవించితిమి. గడ్డి అట్లే యున్నది.

ఇప్పుడు దీపము పెట్టువేళకు భైరవుడు గడపయొద్దకు వచ్చి తానే కాలు చాచును. వ్రేళ్ళసందులు, చెవులు, చంకలు, తోకక్రింద చేతితో తడిమి చూతును. నిన్న చంకలో రెండు గింజలు దొరికినవి.