కొత్త జాతిని వర్ణించడం: పొడవు మీసాల పెంకుపురుగులు

1. పరిచయం

మామిడి చెట్టు మొదట్లో రంపపు పొట్టు రాలి ఉండటం మీరు ఎప్పుడైనా గమనించారా? కాండంలో ఒక పురుగు కలపను తొలుస్తోందనడానికి అది గుర్తు. ఆ పురుగు పెరిగి బూడిద రంగు పెంకుపురుగుగా బయటికి వస్తుంది. దాని స్పర్శశృంగాలు, అంటే మీసాలు, చాలా పొడవుగా ఉంటాయి. దాని శాస్త్రీయ నామం బాటోసెరా రూఫోమాక్యులేటా. స్వీడన్ శాస్త్రజ్ఞుడు డి గీర్ దానిని 1775లో వర్ణించాడు. అప్పటినుంచి దాని గురించి ఎవరు ఏ దేశంలో ఏమి కనుగొన్నా, ఆ పేరు కిందనే నమోదవుతుంది. పేరు లేని పురుగుకు ఈ సౌకర్యం లేదు. మరి కొత్త జాతికి పేరు ఎలా వస్తుంది? ఈ పాఠంలో తెలుసుకొందాం.

2. ఈ పురుగులు ఎందుకు తెలియకుండా ఉండిపోతాయి?

పొడవు మీసాల పెంకుపురుగులు సెరాంబిసిడే కుటుంబానికి చెందినవి. ఇందులో ఇప్పటికి 35,000కు పైగా జాతులను వర్ణించారు. ఉష్ణమండల అడవులలో వీటి వైవిధ్యం ఎక్కువ. దక్షిణ అమెరికా అడవులలోని టైటానస్ జైజాంటియస్ 16 సెంటీమీటర్లకు మించి పెరుగుతుంది. అయితే చాలా జాతులు చిన్నవి.

ఈ పురుగుల జీవితంలో ఎక్కువ కాలం డింభక దశలో, కలప లోపలే గడుస్తుంది. ప్రౌఢ దశ చాలా జాతులలో కొద్ది వారాలే. ఆ కొద్ది కాలంలో కూడా చాలావరకు రాత్రిపూట, ఎత్తైన కొమ్మల మీద తిరుగుతాయి. అందువల్ల ఇంకా పేరు పెట్టని జాతులు మిగిలి ఉన్నాయి. ఒకే ఒక్క నమూనా ఆధారంగా వర్ణించిన జాతులు కూడా ఉన్నాయి.

3. కొత్తదని ఎలా నిర్ణయిస్తారు?

పురుగు దొరకడం మొదటి మెట్టు మాత్రమే. తరువాతి పని ఈ క్రమంలో సాగుతుంది.

(అ) సేకరణ: అనుమతి తీసుకొని, రాత్రి దీపం వెలిగించి లేదా ఎండు కొమ్మలను దులిపి పురుగులను పట్టుకొంటారు. పురుగులున్న కలపను తెచ్చి, ప్రౌఢ జీవులు బయటికి వచ్చేదాకా వేచి ఉండటం మరొక పద్ధతి.

(ఆ) నమోదు: పురుగు కుడి రెక్క తొడుగు గుండా సూది గుచ్చుతారు. అప్పుడు ఎడమ సగం చెడకుండా ఉంటుంది. సూదికి చిన్న చీటీ తగిలించి, దొరికిన చోటు, తేదీ, సేకరించిన వారి పేరు రాస్తారు. ఈ చీటీ లేని నమూనా శాస్త్రానికి పెద్దగా ఉపయోగపడదు.

(ఇ) పోల్చడం: ఇది అన్నిటికన్నా కష్టమైన పని. ఈ కుటుంబంలో చాలా జాతులలో ఆడ పురుగుకన్నా మగ పురుగు మీసాలు పొడవుగా ఉంటాయి. ఒకే జాతిలో కొన్ని పెద్దవిగా, కొన్ని చిన్నవిగా ఉండవచ్చు. వీటిని చూసి వేర్వేరు జాతులని పొరబడే ప్రమాదం ఉంది. అందుకే మీసాల ఖండాలు, రెక్క తొడుగుల మీది చుక్కలు, జననాంగాల నిర్మాణం పరిశీలిస్తారు. నేడు డి.ఎన్.ఎ. కూడా తోడ్పడుతుంది. ఒకే జాతికి రెండు పేర్లు పెట్టినట్లు తేలితే, సాధారణంగా ముందు ప్రచురించిన పేరే నిలుస్తుంది.

4. ఆధార నమూనా

పొలం హద్దు విషయంలో తగాదా వస్తే ఏం చేస్తారు? సర్వే రాయి ఎక్కడుందో చూస్తారు. జాతి పేరుకు అటువంటి రాయి హోలోటైప్, అంటే ఆధార నమూనా. పేరు దానితోనే ముడిపడి ఉంటుంది. వర్ణనపై సందేహం వస్తే ఎవరైనా ఆ నమూనాను మళ్ళీ పరీక్షించవచ్చు. అంతర్జాతీయ జంతు నామకరణ నియమావళి ప్రకారం, 2000 నుంచి కొత్త జాతిని ప్రకటించేటప్పుడు ఆధార నమూనా ఏదో, అది ఏ సంస్థలో ఉంటుందో తెలపాలి.

భారతదేశంలో 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం, కొత్త జాతి గురించి నిర్దేశించిన సంస్థకు తెలియజేసి, నమూనాలను అక్కడ భద్రపరచాలి. 1916లో ఏర్పడిన భారత జంతు సర్వేక్షణ సంస్థ అటువంటి సంస్థలలో ఒకటి. అయితే బ్రిటిష్ కాలంలో మన అడవులనుంచి సేకరించిన పురుగుల ఆధార నమూనాలు అనేకం లండన్ వంటి నగరాల మ్యూజియంలలో ఉన్నాయి. మన దగ్గర దొరికిన పురుగు కొత్తదో కాదో తేల్చడానికి వాటిని, లేదా వాటి ఛాయాచిత్రాలను, చూడవలసి వస్తుంది.

హద్దు రాయి పోతే? 2018 సెప్టెంబరు 2న బ్రెజిల్ జాతీయ మ్యూజియం అగ్నికి ఆహుతైంది. కీటకాల సేకరణలో అధిక భాగం కాలిపోయింది. ఆధార నమూనా పోయినప్పుడు, అవసరమైతే మరొక నమూనాను ఎన్నుకోవడానికి నియమావళి వీలు కల్పిస్తుంది. కాని దానికి అటువంటి పురుగు మళ్ళీ దొరకాలి. అది బతికిన అడవి మిగిలి ఉండాలి.

5. సారాంశం

కొత్త జాతిని వర్ణించడమంటే పేరు పెట్టడం మాత్రమే కాదు. తెలిసిన జాతులకన్నా అది ఎలా భిన్నమో చూపించి, ఇతరులు సరిచూడటానికి ఆధారం మిగల్చడం.

పాఠాంత ప్రశ్నలు

1. నమూనాకు చీటీ ఎందుకు అవసరం?
2. ఒకే జాతి పురుగులను వేర్వేరు జాతులుగా పొరబడటానికి రెండు కారణాలు రాయండి.
3. మీ ఇంటి దగ్గర ఒక పెంకుపురుగును గమనించి, దానిని చూడనివారు కూడా గుర్తుపట్టేటట్లు ఐదు వాక్యాలలో వర్ణించండి.