అన్నీ ఒకే రకం పడవలు.. మరి గెలుపు ఎక్కడ తేలుతుంది? హుస్సేన్‌సాగర్ సెయిలింగ్ పందేల వెనక ఒడ్డు మీది పని

జులైలో ట్యాంక్‌బండ్ మీదుగా వెళ్లేవారికి తెలిసిన దృశ్యమే. బుద్ధ విగ్రహం అవతల తెల్ల తెరచాపలు గుంపుగా, ఒక పక్కకు వంగి పరుగెడుతుంటాయి. రుతుపవనాల గాలి పడమర నుంచి బలంగా వీచే కాలం కాబట్టి హైదరాబాద్‌లో పెద్ద సెయిలింగ్ పోటీలు ఎక్కువగా అప్పుడే జరుగుతాయి. దూరం నుంచి చూస్తే పడవలన్నీ ఒకేలా ఉంటాయి. దగ్గరకెళ్లి చూసినా అంతే. ఒకేలా ఉండాలన్నదే అక్కడి నిబంధన.

ఈ పోటీల్లో ఎక్కువగా కనిపించేది లేజర్. 1969లో కెనడా డిజైనర్ బ్రూస్ కర్బీ గీసిన ఈ ఒంటరి పడవ పొడవు 4.2 మీటర్లు. ఇప్పటికి రెండు లక్షలకు పైగా తయారయ్యాయి. 1996 అట్లాంటా నుంచి ఒలింపిక్స్‌లో ఉంది, 2019 నుంచి ఐఎల్‌సీఏ అనే పేరుతో నడుస్తోంది. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో విష్ణు శరవణన్ కాంస్యం, నేహా ఠాకూర్ రజతం తెచ్చింది ఈ తరగతి పడవల మీదే. గుర్తింపు పొందిన తయారీదారుల దగ్గర కొన్న భాగాలే వాడాలి. అడుగుభాగం ఆకారం మార్చకూడదు, చుక్కానిని సన్నగా చెక్కకూడదు. నీటి రాపిడి తగ్గించే పదార్థాలేవీ పడవ నుంచి విడుదల చేయకూడదని అంతర్జాతీయ సెయిలింగ్ నియమావళిలో 53వ నిబంధన ప్రత్యేకంగా చెబుతోంది. అంటే డబ్బు పోసి వేగం కొనుక్కునే దారి చాలావరకు మూసేశారు.

చాలావరకే, పూర్తిగా కాదు. కొత్త పడవకూ పదేళ్లు ఎండలో, నీళ్లలో నలిగిన క్లబ్బు పడవకూ తేడా ఉంటుంది. హైదరాబాద్‌లో ఆ తేడా చిన్న విషయం కాదు. 2009లో సుహేమ్ షేక్ ప్రారంభించిన యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్‌లో శిక్షణ పొందే పిల్లల్లో చాలామంది తక్కువ ఆదాయ కుటుంబాల నుంచి వచ్చినవారు. హాంగ్‌ఝౌలో 470 మిక్స్‌డ్ విభాగంలో పోటీపడిన కొంగర ప్రీతి ఆ క్లబ్బు నుంచి వచ్చిన క్రీడాకారిణే. కొత్త పడవ ధర లక్షల్లో ఉంటుంది. సొంత పడవ లేని పిల్లలు ఆ తేడాను పూడ్చుకోవాలంటే వారి చేతిలో ఉన్నది మరమ్మతు, శుభ్రత, ఓపిక.

మొదటి శత్రువు పడవ లోపలి నీరు. లేజర్ అడుగుభాగాన్నీ పైకప్పునూ విడివిడిగా పోతపోసి అంచుల దగ్గర అతికిస్తారు. మధ్యలో ఉండేది గుల్ల. గుల్ల బరువు 59 కిలోలు. అందులోకి మూడు లీటర్ల నీరు చేరిందంటే మూడు కిలోలు, అంటే బరువు అయిదు శాతం పెరిగినట్టు. ఆ నీరు ఒకచోట ఉండదు. పడవ వంగినప్పుడల్లా వంగిన వైపుకే పారి, సరిచేయడాన్ని ఇంకా కష్టం చేస్తుంది. ఈ లెక్క మన తీరంలోని మత్స్యకారులకు ఎప్పుడో తెలుసు. దుంగల తెప్పను వేట నుంచి రాగానే విప్పి, ఇసుకలో ఆరబెట్టేవారు. నీళ్లు పీల్చిన దుంగ మర్నాడు అలల మీద మొద్దులా ఉంటుంది మరి.

నీరు ఎక్కడి నుంచి వస్తుందో పట్టుకోవడానికి చౌకైన పద్ధతి ఉంది. అంచుల అతుకు మీద, మరల చుట్టూ సబ్బు నీళ్లు పూసి, వెనక ఉన్న రంధ్రం నుంచి నోటితో మెల్లగా గాలి ఊదాలి. కారే చోట బుడగలు లేస్తాయి. తొందరపడి పంక్చర్ షాపులోని కంప్రెసర్ పెడితే బాగున్న అతుకులు కూడా విడిపోతాయి. తెరచాప కొయ్య దిగే గుంతను విడిగా పరీక్షించాలి. అందులో నిండా నీళ్లు పోసి కాసేపు చూస్తే చాలు. మట్టం దిగితే అడుగున చిల్లు ఉన్నట్టే. ఇది వేగానికి మాత్రమే సంబంధించిన సంగతి కాదు. ఆ గుంత బలహీనపడితే గట్టి గాలిలో కొయ్య పైకప్పును చీల్చుకుని పడిపోతుంది. పెద్ద మరమ్మతుకు దారితీసే ఈ నష్టానికి తరచూ కారణం గుప్పెడు ఇసుక. కొయ్య తిరిగినప్పుడల్లా ఆ ఇసుక ఉప్పుకాగితంలా అరగదీస్తుంది. కాబట్టి ప్రతిసారీ కొయ్య అడుగునూ గుంతనూ కడిగాకే దించాలి.

కొయ్య అని పిలుస్తున్నా ఇది రెండు ముక్కల గొట్టం. పై ముక్క పాత పడవల్లో అల్యూమినియందే. గాలికి కొయ్య వెనక్కి వంగినప్పుడు దాని ముందువైపు సాగుతుంది. రెండు ముక్కలు కలిసే చోట ఉండే రివెట్ రంధ్రం ఆ ముందువైపుకే ఉంటే విరుగుడు అక్కడే మొదలవుతుంది. రంధ్రాన్ని వెనక్కి తిప్పి అమర్చడానికి పైసా ఖర్చు లేదు.

చుక్కాని సంగతి ఇంకా సూక్ష్మం. దాని పలకను పూర్తిగా కిందికి లాగి పట్టే తాడు కాస్త సడలిందనుకోండి. పలక వెనక్కి జరుగుతుంది, చేతికి బరువు తగులుతుంది, పడవ పదేపదే గాలి వైపుకు తిరగబోతుంది. దాన్ని ఆపడానికి చుక్కానిని అడ్డంగా పట్టుకున్నంతసేపూ బ్రేకు వేసుకుని బండి నడిపినట్టే. హుస్సేన్‌సాగర్‌లో దీనికి తోడు చెత్త. నిమజ్జనాల గుడ్డపీలికలు, ప్లాస్టిక్ కవర్లు పలకలకు చుట్టుకుంటాయి. పడవ ఎందుకో మందగించిందని అనిపిస్తే గాలిని తిట్టుకునే ముందు డాగర్‌బోర్డును ఒకసారి పైకెత్తి చూడటం ఇక్కడివారికి అలవాటు. సముద్రంలో ఉప్పు కడగాలి, ఇక్కడ జిడ్డు. ఆ సాయంత్రమే కడగకపోతే గట్టిపడి, మర్నాడు రుద్దినా వదలదు.

చిన్న పిల్లలు నడిపే ఆప్టిమిస్ట్‌కు నియమాలు వేరు. 1947లో అమెరికాలో క్లార్క్ మిల్స్ రూపొందించిన ఈ డబ్బా లాంటి పడవలో నీళ్లు తోడే డబ్బా కట్టేసి ఉండాలి, మునగకుండా మూడు గాలి సంచులు ఉండాలి, కనీసం 8 మీటర్ల తేలే తాడు ఉండాలి. తెరచాపను కొయ్యకు కట్టే ముడుల దగ్గర ఖాళీ 10 మిల్లీమీటర్లు దాటకూడదు. తనిఖీలో స్కేలు పెట్టి మరీ చూస్తారు. పడవ బోల్తాపడినప్పుడు కొయ్య ఊడిరాకుండా కట్టే తాడును పిల్లలు తేలిగ్గా మరిచిపోతారు. కోచ్‌లు మొదట చూసేది దాన్నే.

తెరచాప విషయంలో చాలామంది పొరపడతారు. నడిపినప్పుడు అరిగేదానికంటే ఒడ్డున విప్పి వదిలేసినప్పుడు గాలికి టపటపలాడుతూ పాడయ్యేదే ఎక్కువ. డాక్రాన్ గుడ్డకు పట్టించిన రెజిన్ ఆ కొట్టుకోవడానికి పగిలి, గుడ్డ మెత్తబడి, ఆకారం నిలవదు. అందుకే నీళ్లలోకి దిగే ముందే ఎక్కించి, రాగానే దించి, ఆరాక మడత పెట్టకుండా చుట్టాలి.

ఇంత చాదస్తం ఎందుకంటే పాయింట్ల లెక్క అలాంటిది. మొదటి స్థానానికి 1, రెండో స్థానానికి 2, అలా పెరుగుతూ పోతాయి. తక్కువ పాయింట్లు వచ్చినవారిదే గెలుపు. ఒక రేసు పూర్తిచేయలేకపోతే పోటీదారుల సంఖ్యకు ఒకటి కలిపి వేస్తారు. నలభై పడవలుంటే 41. ఒక చెత్త ఫలితాన్ని తీసేసే వీలు సాధారణంగా ఉన్నా, రెండోసారి తాడు తెగితే తప్పించుకునే దారి లేదు. సొంత పడవలో ఏదో విరిగిందని పరిహారం అడిగితే జ్యూరీ ఇవ్వదు. ఇరవై రూపాయల తాడు వారం రోజుల కష్టాన్ని తినేయడం అంటే ఇదే.

పందెం రోజు చివరి తనిఖీ రెండు నిమిషాల పని. వెనక బిరడా బిగించారా, ముడులు గట్టిగా ఉన్నాయా, చుక్కాని తాడు లాగి ఉందా. సాయంత్రం ఒడ్డెక్కి తెరచాప దించాక, పడవ వెనక భాగాన్ని వంచి అదే బిరడా తీస్తారు. ఏమీ కారకపోతే ఇంటికి. కప్పెడు నీళ్లు కారితే, మర్నాటి రేసుకు ముందే మళ్లీ సబ్బు నీళ్లు కలపాలి.