ఖాళీ గదిలో ఏసీ ఎవరు ఆపాలి?

శ్రీరామనవమి దగ్గరపడితే భద్రాచలం లాడ్జీల్లో గది దొరకడం గగనం. ఎండలు మండే రోజులు. దర్శనానికి వెళ్లేవాళ్లలో కొందరు, తిరిగొచ్చేసరికి గది చల్లగా ఉండాలని ఏసీ ఆపకుండానే తాళం వేస్తారు. ఊడవడానికి వెళ్లిన రూమ్ బాయ్‌కి అది కనిపిస్తుంది. ఆపాలా, వద్దా?

బిల్లు కట్టేది యజమాని. ఏసీ ఆపితే మిగిలే సొమ్ము ఆ కుర్రాడి జీతంలో కలవదు. గది ఉక్కగా ఉందని యాత్రికులు గొడవపడితే మాట పడేది మాత్రం అతనే. ఇంట్లో ఫ్యాను కట్టకుండా గడప దాటని మనిషి కూడా ఇక్కడ చూసీచూడనట్టు వెళ్లిపోతాడు. దాన్ని బద్ధకం అనడం అన్యాయం.

మనస్తత్వవేత్త షాలోమ్ ష్వార్ట్జ్ 1970లలో ఒక సిద్ధాంతం చెప్పారు. జరిగే నష్టం తెలియాలి, అందులో తన బాధ్యతా ఉందనిపించాలి. అప్పుడే ‘ఇది నేను చేయాల్సిన పని’ అన్న పట్టుదల పుడుతుంది. చైనాలో ఉద్యోగుల కరెంటు పొదుపుపై 2013లో వెలువడిన అధ్యయనమూ ఈ సిద్ధాంతాన్నే ఆధారం చేసుకుంది. పనిచేసేచోటి వాతావరణం కూడా ముఖ్యమని తేల్చింది.

నష్టం సంగతి ఈ ప్రాంతంవాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. సింగరేణి బొగ్గు, పాల్వంచలోని కేటీపీఎస్ థర్మల్ విద్యుత్ కేంద్రం పొగగొట్టాలు, మణుగూరు దగ్గర 1,080 మెగావాట్ల భద్రాద్రి విద్యుత్ కేంద్రం, అన్నీ కళ్లెదుటే. బొగ్గుతో ఒక యూనిట్ కరెంటు తీయడానికి సుమారు 600–700 గ్రాములు కాలుతుంది. గట్టి ఎండలో ఒకటిన్నర టన్నుల ఏసీ నాలుగు గంటలు నడిస్తే ఐదారు యూనిట్లు, అంటే మూడు నాలుగు కిలోల బొగ్గు.

కొరత తెలివిడిలో లేదు, అధికారంలో ఉంది. ‘ఖాళీ గదిలో ఏసీ కట్టెయ్, ఎవరైనా అడిగితే నేను చెప్పుకుంటా’ అని మేనేజర్ నలుగురి ముందూ అనాలి. గోడ మీది పోస్టర్లకంటే ఆ ఒక్క మాటకే విలువెక్కువ అని నా నమ్మకం. అలా అన్న మేనేజరే తన గదిలో ఏసీని 18 డిగ్రీల్లో పెట్టుకుంటే ఆ మాట నిలవదు. ఒక్క డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు మిగులుతుందని ఇంధన సామర్థ్య బ్యూరో చెబుతోంది. ఆ పెంచడం ఆఫీసు గదిలోనే మొదలవ్వాలి.

వంటింట్లోనూ అంతే. ఆర్డర్ లేనప్పుడు మాస్టర్ పొయ్యి ఆపితే కొత్తగా చేరిన కుర్రాడూ ఆపుతాడు. ఇక డబ్బు సంగతి. ఒకసారి ఇచ్చే బహుమతి ఒక నెల ఉత్సాహమే ఇస్తుంది. అదే, బిల్లు తగ్గడంవల్ల మిగిలినదాంట్లో ప్రతినెలా సిబ్బందికి కొంత వాటా ఇస్తే అది న్యాయం కూడా అవుతుంది.