వోల్టులున్నాయి, కరెంటు చాలడం లేదు

ఆడియో పని చేసేవాళ్లకు ఎన్‌ఈ5532 ఆప్-ఆంప్ చిప్ పాత చుట్టం. ±15 వోల్టుల సప్లై ఇస్తే దాని అవుట్‌పుట్ అటూ ఇటూ 10 వోల్టులు దాటి ఊగుతుంది. 32 ఓముల హెడ్‌ఫోన్ గట్టిగా మోగడానికి 1 వోల్టు చాలు. అయినా నేరుగా తగిలిస్తే, శబ్దం పెంచేసరికి పాట గరగరలాడుతుంది.

లెక్క కట్టి చూడండి. 1 వోల్టును 32తో భాగిస్తే 31 మిల్లీ ఆంపియర్లు. ఇది ఆర్‌ఎంఎస్ విలువ. శిఖరం దగ్గర 1.41 రెట్లు, అంటే 44 కావాలి. 5532 షార్ట్ సర్క్యూట్ కరెంటే సాధారణంగా 38! అదే 1 వోల్టుకు 600 ఓముల లోడ్ అడిగేది శిఖరం దగ్గర కూడా 2.4 మాత్రమే. అందుకే స్టూడియో లైన్ల మీద ఈ చిప్‌కు అంత మంచి పేరు.

నాకు నచ్చిన మందు జోడు కట్టడం. ఒక 5532లో రెండు ఆప్-ఆంప్‌లుంటాయి. రెండింటినీ ఒకే సిగ్నల్‌తో నడిపి అవుట్‌పుట్‌లు కలిపితే భారం చెరి 22కి దిగుతుంది. అయితే వాటిని నేరుగా కలపకూడదు. రెండింటి ఆఫ్‌సెట్‌ల మధ్య 2 మిల్లీవోల్టుల తేడా ఉన్నా ఒకటి నెట్టేది రెండోది లాగేస్తుంది. చెరో 1 ఓము రెసిస్టర్ వేస్తే ఆ వృథా కరెంటు 1 మిల్లీ ఆంపియర్‌ దగ్గర ఆగుతుంది. 2011 నాటి ఓ2 హెడ్‌ఫోన్ ఆంప్లిఫయర్‌లో ఉన్నది ఈ పద్ధతే. అందులో ఒక్కోటి 70 మిల్లీ ఆంపియర్లు ఇచ్చే ఎన్‌జేఎం4556ఏ సగాలను 1 ఓము రెసిస్టర్లతో జత చేశారు. అంతకు ఏడాది ముందు ఆడియో డిజైనర్ డగ్లస్ సెల్ఫ్ ఎలెక్టర్ పత్రికలో 5532లను గుంపుగా కట్టి స్పీకర్‌నే నడిపించారు.

రెండో దారి ఆప్-ఆంప్ అవుట్‌పుట్‌కు బీడీ139, బీడీ140 ట్రాన్సిస్టర్ల జత తగిలించడం. కరెంటు గెయిన్ 50 అనుకున్నా, లోడ్‌కు 100 మిల్లీ ఆంపియర్లు వెళ్తుంటే ఆప్-ఆంప్ ఇవ్వాల్సింది 2 మాత్రమే. చిక్కల్లా అటూ ఇటూ 0.6 వోల్టుల లోపు రెండు ట్రాన్సిస్టర్లూ నిద్రపోవడం. ఫీడ్‌బ్యాక్ దాన్ని సరిదిద్దుతుందంటారు. కానీ 10 మెగాహెర్ట్‌జ్ చిప్‌కు 1 కిలోహెర్ట్‌జ్ దగ్గర 10,000 రెట్లున్న గెయిన్ 20 దగ్గర 500కు పడిపోతుంది. పై స్వరాల్లో కరుకుదనం అక్కడే పుడుతుంది. డయోడ్లతో బయాస్ ఇవ్వకుండా ఈ దారి పట్టకండి.

వేడి సంగతి చాలామంది మరిచిపోతారు. పైన చెప్పిన 5532 జోడు ±15 వోల్టుల మీద, తన సొంత ఖర్చు 8 మిల్లీ ఆంపియర్లతో కలిపి, 630 మిల్లీవాట్ల దాకా వేడెక్కుతుంది. సప్లై ±9కి దించితే 365. హెడ్‌ఫోన్‌కు అందే 31 మిల్లీవాట్లలో మాత్రం తేడా రాదు.

ఖరీదైన చిప్ కొనేముందు మీ హెడ్‌ఫోన్ ఓములు చూసి శిఖర కరెంటు లెక్క కట్టండి. అది 20 మిల్లీ ఆంపియర్లు దాటకపోతే మీ దగ్గరున్న 5532 చాలు.