అడుగులతో కొలిచిన ఎడారి

ఒక ప్రదేశమునకు పటము గీయవలెనన్న దూరము, దిశ, ఎత్తు తెలియవలెను. కొలత సాధనమును బయటకు తీయ వీలుకాని చోట వీనిని కనుగొనుట యెట్లు? 19వ శతాబ్దిలో టిబెట్టు విషయమున భారత సర్వే శాఖకు ఎదురైన సమస్య యిదియే.

1802లో మద్రాసు వద్ద ఆరంభమైన త్రికోణమితి సర్వే క్రమముగా హిమాలయముల వరకు సాగినది. ఇవతల యంత్రమును నిలిపి మంచు శిఖరముల ఎత్తులు గణింపగలిగిరి. కాని వాని వెనుక నున్న పీఠభూమి కంటికి కనబడదు. విదేశీయులకు అచట ప్రవేశము లేదు. అందలి చాంగ్‌థాంగ్ సుమారు 4,500 మీటర్ల ఎత్తున నున్న శీతల ఎడారి. ఋతుపవనములను హిమాలయములు అడ్డగించుటచే అచట వాన స్వల్పము. సరస్సులలో పెక్కు ఉప్పునీటివి.

ఈ పనికి కెప్టెన్ మాంట్‌గొమరీ ఎన్నుకొనిన వారిలో ముఖ్యుడు కుమావూ ప్రాంతపు జోహార్ లోయకు చెందిన బడిపంతులు నైన్ సింగ్. ఎత్తున నడచినను, పల్లమున నడచినను అడుగు ఒకే నిడివి నుండునట్లు ఆయన డెహ్రాడూన్‌లో అభ్యసించెను. జపమాలలో 108 పూసలకు బదులు 100 పూసలే యుండెను. నూరడుగులకు ఒక పూస జరిపిన, మాల పూర్తియగునప్పటికి 10,000 అడుగులు, అనగా దాదాపు 5 మైళ్ళు. దిక్సూచితో దిశను గుర్తించి, ఆ లెక్కల కాగితములను ప్రార్థనా చక్రములో దాచెడివాడు.

అయితే అడుగు సుమారు 33 అంగుళములు. అందు ఒక్క అంగుళము తప్పినను 1,200 మైళ్ళ ప్రయాణమున దాదాపు 36 మైళ్ళ తేడా వచ్చును. దీనిని సరిచూచుటకు నక్షత్రములే ఆధారము. గిన్నెలో పోసిన పాదరసము చక్కని అద్దము వంటిది. నక్షత్రమునకు, దాని ప్రతిబింబమునకు మధ్య కోణమును సెక్స్‌టాంట్‌తో కొలిచి, అందు సగము తీసికొన్న నక్షత్రపు ఎత్తు, దాని వలన అక్షాంశము తెలియును. అక్షాంశములో ఒక డిగ్రీ సుమారు 69 మైళ్ళు. కనుక ఉత్తర దక్షిణముగా నడచిన భాగములలో అడుగు నిడివి ఎంతో తేలెను. తూర్పు పడమరల దూరమునకు మాత్రము అడుగులనే ప్రధానముగా నమ్మవలసి వచ్చెను.

ఎత్తును తెలిపినది మరుగుచున్న నీరు. పైకి పోయినకొలది గాలి ఒత్తిడి తగ్గును. సుమారు 300 మీటర్లకు 1 డిగ్రీ సెంటిగ్రేడు చొప్పున నీరు తక్కువ వేడిమికే మరుగును.

నైన్ సింగ్ 1866 జనవరిలో లాసా చేరెను. 1874లో లే పట్టణము నుండి బయలుదేరి, చాంగ్‌థాంగ్ మీదుగా మరల లాసాకు పోయి, 1875లో అస్సాము చేరెను. 1877లో రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ ఆయనకు బంగారు పతకము నొసగెను.

నేడు ఉపగ్రహములు ఇదే పనిని క్షణములలో చేయుచున్నవి. అయినను ఒక కొలతను వేరొక మార్గమున కొలిచి సరిచూడవలెనను నియమము మారలేదు.